పేకెట్ల మీది ఇంగ్లీషు

నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు మాత్రం ఇరవయ్యారూ వచ్చు. వాటిని కలిపి చదవమంటే నోరు తిరగదు, తిరిగినా అది ఏ మాటో తెలియదు. కానీ ఒక మాట అచ్చులో కంటపడిందంటే దాని రూపు నేను మరిచిపోను. సంతలో ఏళ్ళ తరబడి చూసే మనిషి పేరు తెలియకపోయినా మొహం గుర్తుండదా, అలాగ. ఉప్పు పేకెట్ మీది మాట, టీపొడి మీది మాట, లారీ వెనక మాట, మందుల షాపు బోర్డు మీది మాట, అన్నీ నా కళ్ళలో పడి ఉన్నాయి. వాటిని పలకడం రాదు గానీ ఎక్కడ ఉన్నాయో చెప్పగలను. ఆ బలంతోనే నేను మా మనవరాలితో ఒక ఆట ఆడేదాన్ని. ఇప్పుడు ఆడటం లేదు. ఎందుకు ఆడటం లేదో మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పుకుంటున్నారు. నా మాట నేను ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. అక్కడ బడిలో రెండో తరగతి దాకా కూర్చున్నాను. మూడో తరగతికి వచ్చేసరికి మా అమ్మకి ఇంకో కాన్పయింది. పసిబిడ్డని చంకనేసుకోడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, ఆ మనిషిని నేనయ్యాను. తరవాత చదివిందంతా సరుకులు కట్టి ఇచ్చిన కాగితాల మీదే. పెళ్ళయ్యాక సరిహద్దు దాటి ఒడియా వైపు, గుణుపూర్ దగ్గర అత్తవారి సేద్యంలో కలుపు తీశాను. ఆ భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలై ఎవరికీ చాలకపోతే, మా ఆయనకి రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ టేంకు దగ్గర వాల్వులు తిప్పే పని దొరికింది. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ పని మా అబ్బాయికి ఇచ్చారు. కోడలిది కొరాపుట్. డిగ్రీ చదివింది, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వాళ్ళకి ఒక్కతే పిల్ల.

పిల్లని ఇంగ్లీషు మీడియంలో వేశారు. తల్లీ తండ్రీ పనులకి పోతే బడినుంచి వచ్చాక దాన్ని చూసేది నేను. చిన్న తరగతిలో ఉండగా అది పలక మీద అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చోళ్ళు చెరుక్కుంటూ నేనూ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. దాని చెయ్యి తప్పుతుందేమోనని చూస్తూ చూస్తూ వచ్చేశాయి. ఆ పైన పాఠాలు ముదిరి, అది ఇంగ్లీషులో ఏదో గడగడా చదివేస్తుంటే నాకు అందడం మానేసింది. ఇక దాని చదువుకీ నాకూ చెల్లు అనుకున్నాను.

అలాంటప్పుడు వాళ్ళ టీచరమ్మ ఈ ఆట పెట్టింది. వారానికి ఒకసారి బోర్డు మీద కొన్ని అక్షరాలు రాసి ఇస్తుంది. ఆ అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు మాటలు పిల్లలు ఇంటిదగ్గర వెతికి తేవాలి. వరస మారినా పరవాలేదు, మధ్యలో వేరే అక్షరాలు ఎన్ని ఉన్నా పరవాలేదు. ఇచ్చినవి మాత్రం ఒక్కటి తగ్గకూడదు.

మొదటిరోజు అది వంటింటి గుమ్మంలో కూర్చుని పెన్సిలు కొరుకుతోంది.

"ఏటే, పెన్సిలు మేస్తన్నావు? డబ్బులు పెట్టి కొన్నది."

"ఎస్, టీ, ఆర్ అంట మామ్మా. మూడూ ఉండాల. నాకు స్టార్ ఒక్కటే వచ్చింది. అందరూ అదే రాస్తారు."

నేను అప్పుడు టీ పెడుతున్నాను. చేతిలో పేకెట్ ఉంది. చూశాను. ఆ మూడూ అక్కడే ఉన్నాయి.

"ఇదేటి? ఇందులో లేవా నీ మూడూ?"

అది లేచి వచ్చి చూసింది. "స్ట్రాంగ్! ఓలమ్మో, మామ్మా, స్ట్రాంగ్!"

"అరవకు. ఆవాల పేకెట్ మీద కూడా ఉన్నాయి, సూడు. కింద అర, కుడేపు."

అది వంగి చూసి మస్టర్డ్ అని చదివింది. తరవాత నాకేసి చూసిన చూపు ఉందే, అలాంటి చూపు ఆ ఇంట్లో నాకేసి ఎవరూ చూసి చాలా కాలమైంది. అది మాత్రం రాయక తప్పదు.

నేను ఏదీ పారేసే మనిషిని కాను. ఖాళీ అయిన పేకెట్లని కడిగి, ఆరబెట్టి, కత్తిరించి, వంటింటి గూటి అరలకి పరుస్తాను. చెమ్మ పట్టదు, చీమ ఎక్కదు, కాగితం కొననక్కరలేదు. మా కోడలికి అది నామోషీ. కానీ ఆ అరలే పిల్లకి పుస్తకమయ్యాయి. సాయంత్రం నేను చింతపండు పిక్క తీస్తుంటే అది డబ్బాలు పక్కకి జరిపి అరల్లో తలదూర్చి వెతికేది. దొరక్కపోతే నన్ను అడిగేది. నేను కళ్ళు మూసుకుని, ఏ పేకెట్ మీద ఆ అక్షరాలు చూశానో తలుచుకుని, "పసుపు పొడి, పై అర" అనేదాన్ని. అది చదివి చెప్పేది. పౌడర్ అంట. ప్యూర్ అంట. అలా నాకు కొన్ని రూపులకి పేర్లు కూడా తెలిశాయి.

"మామ్మా, మా ఫ్రెండ్ డిక్షనరీ కొత్త పుస్తకం వాసనేస్తాది. నీ డిక్షనరీ ఇంగువ కంపు."

"కంపయితే మానీ. ముక్కు మూసుకుని మీ ఫ్రెండింటికి పో."

"పోను. ఆల్లింట్లో అడిగితే కసురుతారు."

"నాను కసరడంలేదేటి?"

"నువ్వు కసురుతూ సెప్తావు."

నవ్వు వచ్చినా నేను నవ్వలేదు. పిల్లల దగ్గర ఎక్కువ నవ్వితే నెత్తికెక్కుతారు.

ఒకటే మాట అన్ని పేకెట్ల వెనకా ఉండేది, సన్నటి అక్షరాలతో. సబ్బుకీ, బిస్కట్లకీ, మసాలాకీ, పిల్ల తాగే పాలపొడికీ అదే. ఏదైనా ఊరి పేరు కాబోలు, ఈ సరుకులన్నీ ఆ ఒక్క ఊళ్ళోనే తయారవుతాయి కాబోలు అనుకునేదాన్ని. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. ఊరు కాదంట, లోపల ఏమేం కలిపారో చెప్పే మాటంట. ఇంగ్రీడియెంట్స్. నేను పలకడానికి చూశాను. అది మళ్ళీ నవ్వింది. ఊరుకున్నాను.

ఇలా ఏడాది పైన నడిచింది. తరవాత కోడలి ఫోన్లో ఏదో వచ్చింది. అక్షరాలు కొడితే చాలు, అవి ఉన్న మాటలన్నీ అదే కురిపిస్తుంది. కోడలు నాకు కూడా చూపించింది. వేలితో పైకి తోస్తుంటే మాటలు వస్తూనే ఉన్నాయి, తెగవు.

"ఇన్ని మాటలు ఎవరు మాట్లాడతారమ్మా?" అన్నాను.

"ఎవరూ మాట్లాడరు అత్తా. మార్కులకి."

పిల్ల వంటింట్లోకి రావడం మానేసింది. మంచం మీద పడుకుని ఫోను చూసి రాసుకునేది. బడిలో టీచరమ్మ ఒక మాట దగ్గర వేలు పెట్టి, ఇదేమిటో చదువు అంటే అది చదవలేకపోయిందంట. ఫోన్లోంచి దింపిన మాటలు తేవద్దని, తెలిసిన మాటలే తెమ్మని చెప్పి పంపింది. పిల్ల మళ్ళీ వంటింటి గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది.

"ఏటి, ఫోను అలిసిపోనాదా?"

"మామ్మా, అలగ అనకు."

"సర్లే. అక్షరాలు సెప్పు."

అంతకుమించి నేనేమీ అనలేదు. అది వచ్చినందుకు నాకెంత నెమ్మదిగా ఉందో దానికి తెలియనివ్వలేదు.

కిందటి చలికాలం, వాళ్ళ బడి తాలూకు పెద్ద బడి కొరాపుట్‌లో ఉంటే అక్కడ ఈ ఆటే పోటీగా పెట్టారు. పిల్లకి తోడు ఇంటి పెద్దవాళ్ళు ఒకరు స్టేజీ మీద కూర్చోవాలంట, అవ్వో తాతో. ఫోన్లు ఉండవు. ఏ పిల్లని పంపుదామా అని టీచరమ్మ అనుకుంటూ, "మీ మామ్మతో కలిసి వెతుకుతావు కదా, నువ్వే వెళ్ళు" అందంట. అది బడినుంచి లగెత్తుకొచ్చి సంచీ విసిరేసింది.

"మామ్మా! నువ్వూ నానూ స్టేజీ మీదకి!"

"సంచీ తీసి మేకుకి తగిలించు ముందు."

నా కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టి చాలా కాలంగా నడిపిస్తున్నాను. ఆ మర్నాడు వెళ్ళి కొత్తది చేయించుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పెట్టుకుని చూస్తే దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు కూడా గీసినట్టు కనబడ్డాయి. స్టేజీ మీంచి తడుముకోకూడదు కదా అని నా ఆలోచన. ఒక నూలు చీర గంజి పెట్టి మడత కింద ఉంచాను. బజారుకి వెళ్ళినప్పుడల్లా కొట్ల ముందు నిలబడి కొత్త పేకెట్లు చూసేదాన్ని. కొట్టువాడు "ఏం కావాల మావుసీ" అని ఒడియాలో అడిగితే, ఏమీ వద్దు, చూస్తున్నాను అనేదాన్ని. వాడు నన్ను వింతగా చూసేవాడు.

కోడలు కళ్ళజోడు చూడనే చూసింది. "కొత్తదా అత్తా? పాతది ఇంకా నడుస్తందన్నావు" అంది. ఆ రోజుకి అంతే అంది. నాలుగు రోజుల తరవాత, అన్నాలు తింటుంటే అసలు మాట తీసింది.

"అత్తా, మా అమ్మ కొరాపుట్‌లోనే ఉంది కదా. నువ్వు అంత దూరం బస్సులో, కొండల ఘాటీ ఎక్కి… ఛార్జీ కూడా దండగ. నువ్వే అంటావు కదా, దండగ ఖర్చు పెట్టొద్దని."

నా మాటే తీసి నా విస్తట్లో వేసింది.

"నా ఛార్జీ నాను పెట్టుకుంటాను."

"ఛార్జీ సంగతి కాదులే అత్తా. స్టేజీ మీద మాట దొరికితే మైకులో చదవాలంట, పెద్దవాళ్ళే. అమ్మ అయితే ఆఫీసులో పని చేసింది, రోజూ ఇంగ్లీషు పేపరు చూస్తాది."

నేను పిల్లకేసి తిరిగాను. "నువ్వు సెప్పే అమ్మి. నీ పక్కన ఎవరు కూకోవాల?"

అది కంచంలో మెతుకులు ఒక పక్కకి నెడుతూ కూర్చుంది. వాళ్ళమ్మ దానికేసి చూడటం లేదు, అంటే ముందే మాట్లాడేసుకున్నారని నాకు తెలిసిపోయింది.

"నీకు కనబడతాది గానీ మామ్మా… సదవలేవు గదా."

అది అబద్ధం కాదు. అబద్ధమైతే నేను దులిపేద్దును. మా అబ్బాయి తల ఎత్తకుండానే, "పిల్ల గెలవడం ముఖ్యం కదమ్మా" అన్నాడు. ముఖ్యమే నాయినా అని వాడికి కూర వడ్డించాను. ఆ పూట నేను మళ్ళీ కలుపుకోలేదు. ఎవరూ గమనించలేదు, ఎవరైనా గమనించాలని నేనూ చెయ్యలేదు.

కానీ పోటీకి నేను వెళ్ళాను. "నువ్వెందుకత్తా" అని కోడలు రెండుసార్లు అంది. "సూడ్డానికి. సూడ్డానికి కూడా ఇంగ్లీషు రావాలేటి?" అన్నాను. మా అబ్బాయికి డ్యూటీ ఉండి రాలేదు. నేను పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. హోటల్లో తింటే డబ్బు పోతుంది, పిల్ల కడుపూ పోతుంది. బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక, టిఫిను సంచీ ఒళ్ళో పెట్టుకుని. లక్ష్మీపూర్‌లో సంత రోజేమో, గంపలూ కోళ్ళూ ఎక్కాయి. కోడి ఒకటి నా కాళ్ళ దగ్గరే సర్దుకుని కొరాపుట్ దాకా వచ్చింది. పిల్ల ఒకసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. వాళ్ళమ్మ ఏవో మాటలు అప్పజెప్పించుకుంటోంది.

కొరాపుట్‌లో చలి వేరే. మా వియ్యపురాలు బస్టాండుకే వచ్చింది, తెల్లటి శాలువా కప్పుకుని. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయింది, నేను వస్తున్నట్టు ఆవిడకి చెప్పలేదన్నమాట.

"రండి వదినగారూ, రండి. చలేస్తోందా? ఇంకో శాలువా తెస్తే బాగుండును."

"మాకు అలవాటే వదినా" అన్నాను. అలవాటు లేదు.

హాల్లో కుర్చీలు నిండిపోయాయి. స్టేజీ మీద బెంచీలు, ఒక్కో బెంచీకి ఒక పిల్లా ఒక పెద్దా. నేను నాలుగో వరసలో చివర కూర్చున్నాను. కోడలు ముందు వరసలో. ఒక సారు మైకు పట్టుకుని ఇంగ్లీషులో కొంతా ఒడియాలో కొంతా చెప్పాడు. బోర్డు మీద అక్షరాలు రాస్తారు, గంట కొట్టేలోగా మాట రాసి చూపించాలి, ఏ జంట మాట పొడుగైతే వాళ్ళది గెలుపు. సభలోంచి ఎవరూ ఏమీ అందించకూడదని కూడా చెప్పాడు. ఒడియాలోనే చెప్పాడు, నాకు తెలిసింది. తెలియలేదని నేను ఏ రోజూ అనలేదు.

మొదట ఎన్, టీ, ఎస్ ఇచ్చారు. మా పిల్ల స్టేషన్ అని రాయబోతుంటే వియ్యపురాలు ఆపి, చెవిలో ఏదో చెప్పింది. అది రాసింది. ఆవిడ మైకు తీసుకుని కాన్‌స్టిట్యూషన్ అని చదివింది. గుండ్రంగా, తడబడకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాట ఏ పేకెట్ మీదా ఉండదు. ఆ బెంచీ మీద నేను కూర్చుని ఉంటే అది వచ్చేది కాదు, ఆ మాట కూడా అనుకున్నాను. అలా ఒక్కో జంటా దిగిపోగా చివరికి రెండు మిగిలాయి. మా పిల్లా వాళ్ళ అమ్మమ్మా ఒకటి. ఎవరో పిల్లాడూ వాడి తాతా ఒకటి.

సారు తెల్లబోర్డు మీద జీ, డీ, ఐ, టీ, ఆర్ రాశాడు.

పిల్ల పెన్సిలు నోట్లో పెట్టుకుంది. మా వియ్యపురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అవతల తాత వెంటనే ఏదో చెప్పేశాడు, పిల్లాడు రాసేశాడు. వీళ్ళు ఇంకా చూసుకుంటున్నారు. నేను బోర్డుకేసి చూశాను. కొత్త కళ్ళజోడులోంచి ఆ అక్షరాలు ఎంత నల్లగా ఉన్నాయో. చూస్తుంటే నా కళ్ళ ముందు సబ్బు పేకెట్ వెనక్కి తిరిగింది. బిస్కట్ల పేకెట్, మసాలా పేకెట్, పాలపొడి డబ్బా. అన్నిటి వెనకా అదే సన్నటి మాట. జీ ఉంది. డీ ఉంది. ఐ రెండుసార్లు ఉంది. టీ, ఆర్ ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో కూడా రూపు దొరకగానే నాకు అలాగే వచ్చేది, దాచుకునేదాన్ని. ఆ రోజు దాచుకోలేదు.

అప్పుడు పిల్ల తల ఎత్తింది. హాలంతా వెతికి నా దగ్గర ఆగింది. పొద్దుటినుంచీ అది నాకేసి చూడటం అదే మొదలు. కనుబొమలు పైకెత్తింది. వంటింట్లో అరలో తలదూర్చి, దొరక్కపోతే తిరిగి చూసే చూపు అది. ఉందా మామ్మా అని.

నేను లేచి నిలబడ్డాను.

"ఐ, ఎన్, జీ, ఆర్…"

అంత పెద్ద గొంతు నాకు ఉందని నాకే తెలియదు. మాట పలకడం రాదు కాబట్టి అక్షరాలే చెప్పాను. ఎన్ని చెప్పానో గుర్తు లేదు. తలలన్నీ నాకేసి తిరిగాయి. ఎవరో నవ్వారు. సారు మైకు పక్కకి పెట్టి, "ఆయీ, బసంతు, బసంతు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అవ్వా కూర్చో అని. కూర్చున్నాను. తరవాత ఆయన ముందున్న ఇద్దరితో మాట్లాడి, ఈ జంటకి సభలోంచి మాట అందింది కాబట్టి చివరి ఆటలో వీళ్ళని లెక్కలోకి తీసుకోవడం లేదని చెప్పాడు. అవతల పిల్లాడు రాసింది ట్రేడింగ్. వాడికి కప్పు ఇచ్చారు. వాళ్ళ తాత వాణ్ణి ఎత్తుకోబోయాడు గానీ వాడు బరువైపోయాడు.

బయట వరండాలో పిల్ల వాళ్ళమ్మ నడుము పట్టుకుని ఏడ్చింది. కోడలి మొహం ఎర్రగా అయిపోయింది. ఆసుపత్రి కౌంటరు దగ్గర అరవకుండా మాట్లాడే అలవాటు దానికి, అప్పుడూ అరవలేదు.

"నువ్వు లేకపోతే అది గెలవదని చూపించాలనుకున్నావు. అంతేనా అత్తా?"

"అది నాకేసి సూసింది. అడిగింది."

"అక్కడినుంచి అడిగిందా? నోటితో?"

"కళ్ళతో అడిగింది. దాన్నే అడుగు."

కోడలు పిల్ల గడ్డం పట్టుకుని ఎత్తింది. "మామ్మకేసి చూసేవా? నిజం చెప్పు. రూలు తెలుసు కదా నీకు. నువ్వు అడిగేవా?"

పిల్ల వాళ్ళమ్మ మొహం చూసింది. నా మొహం చూడలేదు.

"లేదు. నాను సూడలేదు. మామ్మే నవ్వుకుంటా లెగిసింది."

నవ్వుకుంటూ లేచిన మాట నిజం. దాన్ని పట్టుకున్నారు అందరూ.

మా వియ్యపురాలు పక్కనే ఉంది. ఏదో అనబోయినట్టు కనబడింది. అనలేదు. పులిహోర ఎవరూ తినలేదు. తిరుగు బస్సులో సంచీ అంతే బరువుగా నా ఒళ్ళో కూర్చుంది. ఇంటికి వచ్చాక మా అబ్బాయి అంతా విని, "ఎందుకొచ్చిన గోలమ్మా, ఇంట్లో ఉంటే సరిపోయేది కదా" అన్నాడు. వాడు కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే నేను కూడా ఒక మాట అందును.

చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? పిల్లని ఓడించడానికి ఏ మామ్మయినా అంత దూరం బస్సెక్కి పోతుందా అని ఒక్కరైనా అనుకోవాలి కదా. అనుకోలేదు. దానికి కారణం నాకు తెలుసు. నేను నోటి దురుసు మనిషిని, లెక్క మనిషిని, ఎవరినీ ముద్దు చెయ్యను. అలాంటి మనిషి ఒక పిల్ల చూపుకి ఒళ్ళు మరిచి లేచి నిలబడిందంటే మా వాళ్ళకి ఎక్కదు. పంతంతో లేచిందంటే వెంటనే ఎక్కుతుంది.

ఆ తరవాత పిల్ల నాతో పని మాటలే మాట్లాడేది. అన్నం పెట్టు. జడ వెయ్యి. వారం వారం టీచరమ్మ అక్షరాలు ఇస్తూనే ఉంది. అది లోపల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని రాసుకునేది. ఫోనుతోనో, లేకుండానో నాకు తెలియదు. నేను అడగలేదు. వంట చేస్తుంటే ఏ పేకెట్ విప్పినా ఆ సన్నటి మాట కనబడేది. దాన్ని అవతలకి తిప్పి పెట్టేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం పిల్ల ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి చాపింది, మొహం పక్కకి పెట్టుకుని.

"అమ్మమ్మ. నీతో మాట్లాడతాదంట."

చెయ్యి కొంగుకి తుడుచుకుని తీసుకున్నాను. పిల్ల లోపలి గదిలోకి వెళ్ళింది గానీ తలుపు వెయ్యలేదు.

"వదినగారూ, ఆ రోజునుంచీ నాకు మనసు బాగాలేదండీ" అంది మా వియ్యపురాలు. "పిల్ల మీకేసి చూడడం నేను చూశాను. పక్కనే ఉన్నాను కదా. నాకు మాట తట్టక నేను దిక్కులు చూస్తుంటే అది మీకోసం వెతికింది. అక్కడే చెబుదామనుకున్నాను. పిల్ల ఏడుస్తుంటే నోరు రాలేదు. ఇప్పుడు మా అమ్మాయితో చెప్తాను, ఫోను దానికివ్వండి."

ఇన్నాళ్ళూ ఎవరైనా అంటే బాగుండునని చూసిన మాట అది. విన్నాక ఏదో బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. పిల్ల పక్కన ఆవిడే కూర్చుంది, మైకులో ఆవిడే చదివింది, ఇప్పుడు నా ఇంట్లో నా మాట నిజమని చెప్పడానికి కూడా ఆవిడే రావాలా?

"వద్దు వదినా. సెప్పకండి."

"అదేమిటండీ? మిమ్మల్ని అందరూ…"

"సెప్తే ఏటవతాది? గుంటపిల్ల అబద్ధం ఆడిందని తేలతాది. దాని తల్లి ఊరుకుంటాదా? ఓడినందుకు ఒకసారి ఏడిసింది, మల్లీ దీనికి ఏడవాల. నాకొచ్చిన పేరు నాకు వచ్చింది. ఉండనివ్వండి."

"మీరు చాలా గట్టి మనిషి వదినగారూ" అంది ఆవిడ. మెచ్చుకుందో తప్పు పట్టిందో తెలియలేదు. "ఉంటాను" అని నేనే ముందు అన్నాను. ఫోను ఆపడం నాకు రాదు, అవతలే ఆగిపోయింది.

తిరిగి చూస్తే పిల్ల గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఎంత వింది, ఏమి వింది నాకు తెలియదు. ఫోను తీసుకుంది గానీ కదలలేదు. కాలి బొటనవేలితో గడప గీకుతోంది.

"అమ్మమ్మ ఏటంది మామ్మా?"

పని మాట కాకుండా అది నన్ను అడిగిన మొదటి మాట అది. చెప్పాలంటే చెప్పడానికి ఉంది. అమ్మమ్మ చూసిందంట, నువ్వు నాకేసి చూడడం ఆవిడకి తెలుసంట, నేను ఎవరికీ చెప్పొద్దన్నాను, అని చెబితే అది నా ఒళ్ళో పడి ఏడ్చేదేమో. ఏడ్చేదే. కానీ నా పక్కన ఏడాది పైగా కూర్చున్న పిల్ల నా మాట నిలబెట్టలేదు. ఇంకొకరి మాట అడ్డం పెట్టుకుని దాన్ని నా దగ్గరకి రప్పించుకోవడం నాకు చేతకాలేదు. తానే నోరు విప్పి, చూశాను మామ్మా అంటే నాకు చాలు. ఆ ఒక్క మాట కోసం నేను గరిటె తిప్పుతూ నిలబడ్డాను. అదీ నిలబడింది.

"ఏటీ లేదు. అక్కడ సలి తగ్గిందంట."

"అంతేనా?"

"అంతే. మరేటుంటాది? ఎల్లి సదువుకో."

అది ఇంకా కాసేపు ఉంది. నోరు తెరిచినట్టే అనిపించింది. తరవాత ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి తలుపు వేసుకుంది. నేను పిలవలేదు.